కోస్తా డెల్ సోల్, కోస్తా బ్లాంకా, కోస్తా బ్రావా: స్పెయిన్ బీచ్ సెలవులకు ఏ తీరం మంచిది?

"స్పెయిన్ వెళ్తున్నాం, సముద్రం పక్కన ఓ వారం ఉండాలని ఉంది, ఎక్కడ బుక్ చేయమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు బీచ్ పేర్లు చెప్పను. మీతో ఎవరెవరు వస్తున్నారు, అక్కడ కారు నడుపుతారా, ఏ నెలలో వెళ్తున్నారు అని మూడు ప్రశ్నలు అడుగుతాను. ఈ మూడూ తెలిస్తే ఏ తీరమో దాదాపు తేలిపోతుంది. చాలామంది ఫొటోలు చూసి తేల్చుకుంటారు. కానీ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఫొటోలో తెలియదు. ఆ బీచ్‌లోకి దిగాలంటే ఎన్ని మెట్లున్నాయో తెలియదు. ఆఖరి బస్సు ఎన్నింటికో అసలే తెలియదు. అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు సెలవు బాగా గడవడం, గడవకపోవడం ఈ మూడింటి మీదే ఉంటుంది.

స్పానిష్‌లో తీరాన్ని కోస్తా అంటారు. మన కోస్తా జిల్లాల్లో ఉన్న కోస్తా కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే, కాబట్టి ఈ పేర్లు మనకు నోరు తిరగనివేమీ కాదు. కోస్తా డెల్ సోల్ అంటే ఎండ తీరం, దక్షిణాన మాలగా ప్రాంతం. కోస్తా బ్లాంకా అంటే తెల్ల తీరం, తూర్పున అలికాంతే ప్రాంతం. కోస్తా బ్రావా అంటే మొరటు తీరం, కొండరాళ్ల తీరం అనుకోవచ్చు. అది బార్సిలోనాకి పైన బ్లానెస్ ఊరి నుంచి ఫ్రాన్స్ సరిహద్దు దాకా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు అసలు పోటీ ఈ మూడింటి మధ్యే. మిగతావాటి గురించి తర్వాత చెప్తాను.

కారు లేకుండా, పెద్దవాళ్లతో అయితే: కోస్తా డెల్ సోల్

నన్ను ఒక్కటే చెప్పమంటే, మొదటిసారి వెళ్లే మన కుటుంబాలకు కోస్తా డెల్ సోలే చెప్తాను. కారణం బీచ్ కాదు, రైలు. మాలగా ఊరి మధ్యలో బయల్దేరే సి1 లోకల్ రైలు ఎయిర్‌పోర్టు మీదుగా టోరెమోలినోస్, బెనాల్మదేనా ఊళ్లు దాటి ఫుయెన్‌హిరోలా దాకా వెళ్తుంది. మొత్తం ప్రయాణం ముప్పావుగంట. పగలంతా సుమారు 20 నిమిషాలకొక రైలు ఉంటుంది. విమానం దిగి, ఎయిర్‌పోర్టు ఎదురుగానే ఉన్న స్టేషన్‌లో రైలెక్కి, సూట్‌కేసులతో సహా అరగంటలో సముద్రం దగ్గరకు చేరిపోవచ్చు. టాక్సీ బేరాలు ఉండవు, కారు అద్దె కౌంటర్ దగ్గర క్యూలు ఉండవు. మధ్యాహ్నం అమ్మకు కాళ్లు నొప్పులంటే ఆమె రూముకి వెళ్లిపోవచ్చు, మీరు సాయంత్రం దాకా మాలగాలో తిరగొచ్చు. ఒకరి కోసం ఒకరు ఆగాల్సిన పని లేకపోవడం కుటుంబ ప్రయాణంలో ఎంత పెద్ద సుఖమో వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు.

ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. కోస్తా డెల్ సోల్‌లో ఎండ ఎంత ఉన్నా సముద్రం చల్లగా ఉంటుంది. జిబ్రాల్టర్ జలసంధి దగ్గరే కాబట్టి అట్లాంటిక్ నీళ్లు లోపలికి వస్తాయి. ఆగస్టులో కూడా నీటి వేడి మామూలుగా 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది. విశాఖ తీరంలో వెచ్చటి నీళ్లకు అలవాటు పడ్డ మనకు అది గట్టిగానే తగులుతుంది. జులైలో టోరెమోలినోస్‌లో మా అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక్క అడుగు వేసి, "ఇదేంట్రా, ఫ్రిజ్ నీళ్లలా ఉన్నాయి" అని గబుక్కున వెనక్కి వచ్చేసింది. పిల్లలు మాత్రం పది నిమిషాల్లో అలవాటు పడిపోయారు, సాయంత్రం దాకా బయటకు రాలేదు. మాలగాలో అప్పుడప్పుడు తెర్రాల్ అనే వేడిగాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ రోజు బయట గాలి 40 డిగ్రీలు దాటినా నీళ్లు మామూలు కంటే ఇంకా చల్లగా ఉంటాయి, ఎందుకంటే ఆ గాలి పైనున్న వెచ్చటి నీటిని తోసేసి అడుగు నీళ్లను పైకి తెస్తుంది. అలాంటి రోజు మధ్యాహ్నం బీచ్ మానుకుని మాలగాలో పికాసో మ్యూజియంలో గడపడం మేలు. పికాసో పుట్టింది ఈ ఊళ్లోనే, 1881లో.

ఇసుక కూడా బూడిద రంగులో, కాస్త ముదురుగా ఉంటుంది. బ్రోచర్లలో తెల్లటి ఇసుక చూసి వచ్చేవాళ్లకు మొదటి రోజు నిరాశ కలగొచ్చు. దానికి బదులుగా ఈ తీరం వెనక ఉన్న ఊళ్లు చూడండి. ఇంకే కోస్తాకూ ఇంత బలమైన నేపథ్యం లేదు. బస్సులో రెండు గంటల లోపే గ్రనాడా, అక్కడ అల్హంబ్రా కోట. లోయకు అటూ ఇటూ కూర్చున్న రోండా ఊరు, ఆ రెండు భాగాలనూ కలిపే, 1793లో పూర్తయిన పెద్ద వంతెన. మాలగా నుంచి తూర్పుకి గంట, గంటన్నర బస్సులో నెర్హా. ఆ ఊరి బయట 1959లో కుర్రాళ్లు కొందరు కనిపెట్టిన పెద్ద గుహలు ఉన్నాయి. మన బొర్రా గుహలు చూసినవాళ్లకు కూడా అవి కొత్తగానే అనిపిస్తాయి. మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైలులో మాలగా రెండున్నర గంటలు, లేదంటే ఇంకాస్త ఎక్కువ. మాడ్రిడ్‌లో దిగి, రెండు రోజులు ఊరు చూసి, తీరానికి వచ్చేయొచ్చు.

ఈ తీరంలో ఎక్కడ ఉండాలో కూడా చెప్పాలి. మార్బెల్లా పేరు అందరికీ తెలుసు, కానీ అక్కడికి రైలు లేదు, ధరలు ఎక్కువ, హోటళ్లు ఊరి పొడుగునా విడివిడిగా ఉంటాయి. కారు ఉన్నవాళ్లకే అది. సాయంత్రాలు ఊళ్లో తిరగడం ఇష్టమైతే మాలగాలోనే ఉండండి. పొద్దున లేవగానే ఇసుక మీదికి వెళ్లాలంటే బెనాల్మదేనా గానీ, టోరెమోలినోస్‌లో కారిహ్వేలా వైపు గానీ చూడండి. ఒక జాగ్రత్త: బెనాల్మదేనా పేరుతో వేర్వేరు ఊళ్లున్నట్టే లెక్క. కొండ మీద ఉన్నది పాత పల్లె, కింద తీరంలో ఉన్నది కోస్తా. మ్యాప్ చూడకుండా చవగ్గా వచ్చిందని బుక్ చేస్తే కొండెక్కాల్సి వస్తుంది.

చేపలు తినేవాళ్లు మాలగాలో ఒక సాయంత్రం పెడ్రెగాలెహో వైపు తప్పక వెళ్లాలి. అది పాత జాలర్ల పేట, ఇప్పుడు తీరం పొడవునా చిన్న చిన్న హోటళ్లు. ఇసుక మీద ఒక పాత పడవ ఉంటుంది. దాని నిండా ఇసుక పోసి, అందులో ఆలివ్ కట్టెలు మండిస్తారు. వంటవాడు ఆరు సార్డిన్ చేపల్ని ఒక వెదురులాంటి పుల్లకు గుచ్చి, పైన కల్లుప్పు చల్లి, ఆ పుల్లని మంట పక్కన ఇసుకలో కాస్త వంచి గుచ్చుతాడు. గాలి ఎటు వీస్తే చేపల్ని దానికి తగ్గట్టు తిప్పుతూ ఉంటాడు, పొగ తగలకూడదు, సెగ మాత్రమే తగలాలి. మసాలా లేదు, నూనె లేదు. తోలు పొరలు పొరలుగా చిటపటలాడుతుంది. దీన్ని ఎస్పెతో అంటారు. పేరులో 'ర' అక్షరం లేని నెలల్లో, అంటే మే నుంచి ఆగస్టు దాకా, సార్డిన్లు కొవ్వు పట్టి బాగుంటాయని అక్కడివాళ్లు చెప్తారు. చేతితోనే తినాలి, ముల్లు తీసుకుంటూ. మా నాన్న రెండు పుల్లలు ఖాళీ చేసి, నిమ్మకాయ ముక్క ఇంకొకటి తెప్పించుకుని మూడోది మొదలుపెట్టారు.

చిన్న పిల్లలు, వెచ్చటి నీళ్లు: కోస్తా బ్లాంకా

పిల్లలు రోజంతా నీళ్లలోనే ఉండాలి, చూడాల్సిన కోటల లిస్టు పెద్దగా అక్కర్లేదు అనుకునేవాళ్లకు కోస్తా బ్లాంకా మంచిది. జిబ్రాల్టర్ దూరం కాబట్టి సముద్రం బాగా వేడెక్కుతుంది. ఆగస్టులో 26 డిగ్రీల దాకా వస్తుంది. డెల్ సోల్‌తో పోలిస్తే ఆ మూడు డిగ్రీల తేడా నీళ్లలో దిగినప్పుడే తెలుస్తుంది. ఇసుక పసుపు రంగులో, మెత్తగా, బీచ్ వెడల్పుగా ఉంటుంది. చాలా చోట్ల నడుం లోతు రావడానికి ఎంతో దూరం నడవాలి.

మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు దాదాపు ఉండవన్నది కూడా మన తల్లిదండ్రులకు చెప్పాలి. విశాఖలో అలల కింద లాగుడు ఎంత ప్రమాదమో చిన్నప్పటి నుంచి విన్నాం కాబట్టి, పిల్లలు నీళ్లలోకి వెళ్తే చాలు మనకు టెన్షన్. ఇక్కడ మామూలు రోజున సముద్రం చెరువులా ఉంటుంది. అలాగని ఏమరుపాటు వద్దు. జెండా చూడండి: ఆకుపచ్చ అయితే దిగొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగకూడదు. సీజన్‌లో పెద్ద బీచ్‌లన్నిట్లో లైఫ్‌గార్డులు ఉంటారు. జెల్లీ చేపలు వచ్చిన రోజు దానికి వేరే జెండా పెడతారు, అప్పుడు పిల్లల్ని ఇసుకలోనే ఆడించండి. నీటి శుభ్రతకు, సదుపాయాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ప్రపంచంలో అన్ని దేశాల కంటే ఎక్కువగా ఉన్నది స్పెయిన్‌లోనే.

ఈ తీరానికీ ఒక రైలుంది, కాకపోతే అది ట్రామ్. అలికాంతే ఊరి మధ్య నుంచి బయల్దేరి సముద్రం పక్కపక్కనే బెనిడోర్మ్ దాకా గంట, గంటంపావులో వెళ్తుంది. దారిలో విల్లహోయోసా అనే ఊరొస్తుంది, అక్కడ జాలర్ల ఇళ్లన్నీ రంగురంగులు, పైగా చాక్లెట్ తయారీకి పేరున్న ఊరు. బెనిడోర్మ్ దాటాక మరో లైన్ అల్తేయా, కాల్పె మీదుగా దేనియా వరకు ఉంది. నా మాట వింటే బస అలికాంతేలోనే పెట్టుకోండి. ఊళ్లోనే కోట కింద పోస్తిగెత్ బీచ్ ఉంది, ట్రామ్‌లో కాస్త దూరం వెళ్తే సాన్ హువాన్ బీచ్, మూడు కిలోమీటర్ల పైన విశాలమైన ఇసుక. మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైలు రెండున్నర గంటల్లోపే.

బెనిడోర్మ్ గురించి రెండు మాటలు. ఆకాశహర్మ్యాల ఊరని కొందరు దాన్ని తీసిపారేస్తారు. నేను అలా అనను. 1956లో వేసిన ప్లాన్ ప్రకారం అక్కడ కట్టడాలు పైకి పెరిగాయి, అందుకే చాలా గదుల నుంచి సముద్రం కనిపిస్తుంది, బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు, తీరం పొడవునా ర్యాంపులూ బల్లలూ ఉన్న చదునైన కాలిబాట ఉంది. వీల్‌చైర్‌లో ఉండే పెద్దలతో వెళ్లేవాళ్లకు ఇంత సులువైన బీచ్ దొరకడం కష్టం. బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి ఇండియన్ రెస్టారెంట్లు కూడా ఉంటాయి. కాకపోతే లెవాంతె బీచ్ వెనక వీధుల్లో రాత్రి పార్టీల గోల ఎక్కువ. కుటుంబంతో అయితే పోనియెంతె బీచ్ వైపు గది తీసుకోండి, అది ప్రశాంతంగా ఉంటుంది.

ఈ తీరానికి ఉన్న లోటు సెప్టెంబరు చివర, అక్టోబరులో బయటపడుతుంది. వేసవంతా వేడెక్కిన ఆ సముద్రం మీదికి పైనుంచి చల్లగాలి వచ్చినప్పుడు ఒక్కసారిగా కుండపోత వాన పడుతుంది. 2024 అక్టోబరు 29న పక్కనే ఉన్న వలెన్సియా ప్రాంతంలో వచ్చిన వరదల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. మన దసరా సెలవులకు ప్లాన్ చేసేవాళ్లు ఇది మనసులో పెట్టుకుని, ఫోన్‌లో వాతావరణ హెచ్చరిక మోగితే బయటకు వెళ్లకుండా ఉండాలి. దసరాకి నేనైతే మాలగా వైపే మొగ్గుతాను.

ఇద్దరే వెళ్తే, నడవడం ఇష్టమైతే: కోస్తా బ్రావా

చూడ్డానికి ఏది అందమైనదంటే మాత్రం కోస్తా బ్రావా. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఆ పేరు పెట్టింది 1908లో ఫెర్రాన్ అగుల్లో అనే పత్రికా రచయిత. ఎర్రటి కొండరాళ్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి, వాటి అంచు దాకా పైన్ చెట్లు, మధ్య మధ్య పిడికెడంత ఇసుకతో చిన్న చిన్న కోవలు, అంటే సముద్రం రాళ్ల మధ్యకి చొచ్చుకొచ్చిన బుల్లి బీచ్‌లు. వాటిని అక్కడ కాలా అంటారు. నీళ్లు అద్దంలా ఉంటాయి, పైనుంచి చూస్తే అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు.

ఈ కోవల్ని కలుపుతూ తీరం అంచున ఒక కాలిబాట ఉంది, పేరు కమీ దె రోండా. ఒకప్పుడు దొంగసరుకు రవాణా చేసేవాళ్లని పట్టుకోవడానికి కాపలా పోలీసులు తిరిగిన దారి. మొదటిసారికి కలెల్లా దె పలఫ్రుజెల్ నుంచి ల్యాఫ్రాంక్ దాకా నడవండి, అరగంట చాలు. తెల్లటి ఇళ్ల ముందు పడవలు ఇసుక మీదికి లాగి పెట్టి ఉంటాయి. అక్కడ నుంచి బాట రాతి గోడల మధ్య పైకెక్కి, ఒక మలుపు తిరిగి, మళ్లీ కిందికి దిగుతుంది. రాళ్ల మీద ఎరుపు, తెలుపు గీతలు దారి చూపిస్తాయి. ఎండకు పైన్ బంక వాసన వేస్తుంది, కింద నుంచి ఉప్పుగాలి. ఒక చోట మెట్లు సరిగ్గా నీళ్లలోకే దిగుతాయి. మేం చెప్పులు గట్టు మీద వదిలి ఆ మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుని గంట గడిపాం. ఆ గంట కోసం మళ్లీ వెళ్తాను.

కానీ అదే బాట మా అమ్మతో నడవలేను. మెట్లు ఎగుడుదిగుడు, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చాలా కోవల్లో ఇసుక బదులు గులకరాళ్లు ఉంటాయి, రబ్బరు చెప్పులు లేకపోతే నీళ్లలోకి దిగడం నరకం. ఈ తీరంలోని మంచి ఊళ్లకు రైలు లేదు. బ్లానెస్ దాకా బార్సిలోనా లోకల్ రైలు వస్తుంది, ఆ పైన ఎక్కువగా బస్సులే. కదకేస్‌కి బార్సిలోనా నుంచి బస్సులో మూడు గంటలకు దగ్గర్లో పడుతుంది. కారు నడిపేవాళ్లకే ఇది పూర్తిగా దక్కే తీరం. అది కూడా జులై, ఆగస్టుల్లో పొద్దున 10 దాటితే కోవల దగ్గర పార్కింగ్ దొరకదు. కారు వద్దనుకుంటే తోసా దె మార్ చూడండి. పాత కోటగోడల కింద చక్కటి బీచ్, బార్సిలోనా నుంచి నేరుగా బస్సు, ఊరంతా నడిచే దూరమే. లోరెత్ దె మార్ చవక, పెద్ద బీచ్, కానీ కుర్రకారు పార్టీల ఊరు.

కళలంటే ఇష్టమున్నవాళ్లకు ఇక్కడ ఇంకో ఆకర్షణ చిత్రకారుడు సాల్వడార్ డాలీ. ఫిగేరెస్‌లో 1974లో తెరిచిన ఆయన మ్యూజియం, కదకేస్ పక్కన పోర్ట్‌లిగాత్‌లో ఆయన ఇల్లు. ఆ ఇంట్లోకి కొద్దికొద్ది మందినే పంపిస్తారు, టికెట్ ముందే కొనుక్కోవాలి. ఉత్తరం నుంచి త్రమొంతానా అనే గాలి వీస్తే మాత్రం కదకేస్‌లో గొడుగు నిలవదు. సముద్రం వెచ్చదనం ఆగస్టులో 24 డిగ్రీల దగ్గర, పై రెండింటికీ మధ్యస్తం. జూన్ మొదట్లో ఇంకా చల్లగానే ఉంటుంది.

మిగతా తీరాలు, కాస్త త్వరగా

డిసెంబరు, జనవరి సెలవులకు బీచ్ కావాలంటే పై మూడూ వద్దు. అప్పుడు కానరీ దీవులే. ఆఫ్రికా పక్కన అట్లాంటిక్‌లో ఉంటాయి. చలికాలంలో కూడా పగలు 20 డిగ్రీలు దాటుతుంది. తెనెరీఫెలో 3,700 మీటర్లు దాటిన తెయిదె అగ్నిపర్వతం ఉంది, కింద బీచ్‌లో ఈత కొట్టి పైన మంచు చూడొచ్చు. ఆ దీవికి దక్షిణం వైపు గది తీసుకోండి, ఉత్తరం వైపు మబ్బు ఎక్కువ. మాడ్రిడ్ నుంచి మళ్లీ మూడు గంటల విమానం. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు అది అలసటే, కానీ యూరప్‌లో ఉండే తెలుగువాళ్లకు క్రిస్మస్ సెలవుల్లో ఇంతకంటే మంచి ఎండ దగ్గర్లో లేదు.

మయోర్కా దీవి అందంలో కోస్తా బ్రావాకి చెల్లెలు, నీళ్లు వెచ్చన. జులై, ఆగస్టుల్లో ఖర్చు బాగా ఎక్కువ, మంచి కోవలకు కారు కావాలి. పిల్లలు థీమ్ పార్కులంటే పడిచచ్చేవాళ్లయితే బార్సిలోనాకి కిందున్న కోస్తా దొరాదాలో సలోవు ఊరు చూడండి, పక్కనే పోర్ట్ అవెంచురా పార్కు, లోతు తక్కువ బీచ్‌లు, దగ్గర్లోనే తర్రగోనాలో సముద్రం ముందు రోమన్ల ఆంఫీథియేటర్. కాదిస్ వైపు కోస్తా దె లా లూస్ అట్లాంటిక్ తీరం. ఇసుక అద్భుతం, బొలోనియా బీచ్ పక్కనే రోమన్ల శిథిల నగరం ఉంది. కానీ ఆ తీరంలోనే ఉన్న తారీఫా ఊళ్లో గాలి రోజుల తరబడి ఇసుకని ముఖాన కొడుతుంది. కైట్ సర్ఫింగ్ చేసేవాళ్లకు స్వర్గం, చిన్న పిల్లలున్నవాళ్లకు కాదు.

తారీఫా నుంచి ఓడలో గంటలో మొరాకో వెళ్లొచ్చని చూసి చాలామంది ఉత్సాహపడతారు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఆగి ఆలోచించాలి. మొరాకోకి వేరే వీసా కావాలి. పైగా మీ షెంగెన్ వీసా (స్పెయిన్‌తో సహా యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారే లోపలికి రానిచ్చేది అయితే, ఓడ ఎక్కిన క్షణమే అది అయిపోయినట్టు. తిరిగి స్పెయిన్‌లోకి రానివ్వరు.

వీసా, నెల, ఖర్చు

వీసా మాట వచ్చింది కాబట్టి ఇదీ చూసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. వేసవికైతే అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, కాబట్టి మూడు, నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. పారిస్‌లో ఐదు రోజులు, తీరంలో నాలుగు రోజులైతే అది ఫ్రాన్స్ దరఖాస్తు అవుతుంది. లండన్‌లో, డబ్లిన్‌లో ఉండే మనవాళ్లు కూడా ఇండియన్ పాస్‌పోర్ట్ మీదైతే వీసా తీసుకోవాల్సిందే. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ దేశాల నివాస అనుమతి ఉన్నవాళ్లకు అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి స్పెయిన్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల మారాలి. మాలగాకి గానీ అలికాంతేకి గానీ రెండుసార్లు విమానం మారే బదులు, ఒకసారి మారి మాడ్రిడ్‌లో దిగి రైలెక్కడం పెద్దవాళ్లకు తేలిక.

నెల విషయంలో నా ఓటు జూన్ రెండో సగం లేదా సెప్టెంబరు మొదటి సగం. ఆగస్టులో స్పెయిన్ వాళ్లంతా వాళ్ల సెలవుల కోసం తీరానికే వస్తారు, గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి, ఇసుక మీద చాప పరిచే చోటుండదు. మన స్కూళ్లకు సెలవులున్న మే నెలలో జనం తక్కువ, ధరలు తక్కువ, నడవడానికి హాయి. కానీ సముద్రం అన్నిచోట్లా చల్లగానే ఉంటుంది. పిల్లల్ని ఈతకని ఊరించి మేలో తీసుకెళ్తే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. మేలో వెళ్తే స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటల్ తీసుకోండి, ఆ నీళ్లు వేడి చేస్తారో లేదో ముందే అడగండి. జూన్ చివరలో మాలగాలో పొద్దు గూకేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. ఎండ తగ్గాక ఆరింటికి బీచ్‌కి వెళ్లినా మూడు గంటలకు పైగా వెలుతురు ఉంటుంది. మన చర్మానికి ఎండ ఏం చేస్తుందిలే అనుకుని మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటి దాకా ఇసుకలో ఉండకండి, మనకీ కమిలిపోతుంది.

ఖర్చులో బ్లాంకా, డెల్ సోల్ రెండూ అన్ని బడ్జెట్లకూ సరిపోతాయి. బ్రావాలో మంచి ఊళ్లు చిన్నవి, గదులు తక్కువ, అందుకే ధర ఎక్కువ. బ్రావా ఉన్న కాటలోనియా ప్రాంతంలో, మయోర్కాలో గది అద్దె మీద మనిషికింత అని రోజువారీ పర్యాటక పన్ను కూడా ఉంటుంది. వారం ఉండేవాళ్లు హోటల్ కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి. బియ్యం, పెరుగు, కూరగాయలు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. పప్పులు, కారం, ఒక పచ్చడి సీసా ఇంటి నుంచి తెచ్చుకుంటే రాత్రిళ్లు ఎవరికీ ఇబ్బంది ఉండదు.

తిండి గురించి తప్పక చదవండి

మధ్యాహ్న భోజనం వాళ్లకు రెండింటికి మొదలవుతుంది, రాత్రి భోజనం తొమ్మిదికి. ఏడింటికి ఆకలేసే నాన్నగారికి చాలా చోట్ల వంటగది మూసే ఉంటుంది. మధ్యాహ్నం మెను దెల్ దియా అని ఒక ఫిక్స్‌డ్ భోజనం పెడతారు, రెండు వంటకాలు, బ్రెడ్, చివర తీపి లేదా పండు, సుమారు 12 నుంచి 18 యూరోలు. రోజులో పెద్ద భోజనం అదే చేసుకుని రాత్రికి ఇంట్లో పెరుగన్నం తినడం మాకు బాగా కుదిరింది.

శాకాహారులకు మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. కూరగాయల వంటకమని చెప్పినా పైన పంది మాంసం తరుగు చల్లుతారు, సలాడ్‌లో ట్యూనా చేప వేస్తారు, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు. మాకొక చోట సాల్మొరెహో అనే చల్లటి టమాటా సూపు వచ్చింది. అమ్మ చెంచా ముంచబోతుంటే పైన ఎర్రటి ముక్కలు కనిపించాయి. అవి హామోన్, అంటే పంది మాంసం. తప్పు మాదే, అడగలేదు. అప్పటి నుంచి ప్రతిచోటా "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హామోన్" అని మూడూ విడివిడిగా చెప్పడం మొదలుపెట్టాం. మాంసం, చేప, హామోన్ లేకుండా అని అర్థం. మాలగా వైపు వంకాయ ముక్కలు వేయించి పైన చెరకు పాకం పోసే బెరెన్‌హేనాస్ కొన్ మియెల్ మన నోటికి ఇట్టే నచ్చుతుంది. పాలకూర, శనగల కూర ఎస్పినాకాస్ కొన్ గర్బాన్సోస్‌లో జీలకర్ర వాసన కూడా తగులుతుంది. బ్రావా వైపు కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే ఎస్కలివాదా, టమాటా రుద్దిన బ్రెడ్ ఉంటాయి. బ్లాంకా వైపు బియ్యం వంటకాలు ఎక్కువ, కానీ కూరగాయల పాయెల్యా అన్నా చేపల నీళ్లతో ఉడికించే చోట్లున్నాయి, అది అడిగి తెలుసుకోండి. బెనిడోర్మ్, టోరెమోలినోస్, ఫుయెన్‌హిరోలా లాంటి ఊళ్లలో ఇండియన్ హోటళ్లు తేలిగ్గా దొరుకుతాయి, బ్రావా చిన్న ఊళ్లలో దొరకవు. గట్టి శాకాహారులకు ఈ ఒక్క కారణంతోనే నేను బ్రావా వద్దంటాను, లేదంటే వంటగది ఉన్న ఇల్లు తీసుకోమంటాను.

బట్టల గురించి కొందరు మొహమాటపడి అడగరు, కాబట్టి నేనే చెప్తాను. టీషర్ట్, లెగ్గింగ్స్‌తో సముద్రంలో దిగినా ఎవరూ పట్టించుకోరు. హోటల్ పూల్‌లో మాత్రం ఈత దుస్తులే వేసుకోమంటారు. బీచ్‌లో కొందరు ఆడవాళ్లు పై వస్త్రం లేకుండా పడుకోవడం అక్కడ మామూలు విషయం. అత్తమామల్ని తీసుకెళ్తుంటే ముందే ఒక మాట చెప్పి ఉంచండి, అక్కడికి వెళ్లాక ఇబ్బంది ఉండదు. పాస్‌పోర్టులు గదిలో లాక్ చేసి జిరాక్స్ కాపీలు పట్టుకెళ్లండి. అందరూ ఒకేసారి నీళ్లలోకి దిగకండి, సంచుల దగ్గర ఒకరుండాలి.

తీరం తేలాక బుక్ చేసే వరస కూడా ముఖ్యం. డెల్ సోల్ అనుకుంటే వీసా వచ్చిన రోజే అల్హంబ్రా టికెట్లు కొనండి, హోటల్ తర్వాత. ఆ టికెట్ మీద మీ పేరు, పాస్‌పోర్ట్ నంబరు ఉంటాయి, లోపలి నస్రిద్ ప్యాలెస్‌లకు మీకిచ్చిన సమయానికే వెళ్లాలి, ఆలస్యమైతే లోపలికి పంపరు. పొద్దున మాలగా నుంచి బస్సులో వెళ్లేవాళ్లు ఆ సమయం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత పెట్టుకోండి. గ్రనాడా బస్ స్టాండ్ నుంచి కోట దగ్గరకు చేరి, కొండ మీద ఆ చెట్ల నీడలో అమ్మానాన్నలు కాసేపు కూర్చుని ఊపిరి తీసుకోవడానికి వీలుంటుంది. తిరుగు బస్సు టికెట్ కూడా అప్పుడే కొని పెట్టుకోండి, సాయంత్రం బస్సులు తొందరగా నిండిపోతాయి.